ఒక్క స్థలము, ఇద్దరు మనుష్యులు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 1:12–26



పొలములలో నాట్లు పడుచున్న ఈ దినములలో మన యిండ్లలోని మాటలన్నియు ఒక్క సంగతిమీదనే తిరుగుచున్నవి. ఏ యింటికి ప్రార్థనకు వెళ్లినను, మేము చాపమీద కూర్చుండకముందే "అయ్యగారూ, సీటు సంగతి ఇంకా తేలలేదండి" అను మాట వినబడుచున్నది. ఇంటరు ముగిసినది, ఎంట్రన్సు ముగిసినది, ర్యాంకు కార్డు చేతికి వచ్చినది. అయినను పని ముగియలేదు. కులము, ఆదాయము, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టుకొని తిరుగుట, నెట్ సెంటరులో కూర్చుండి కళాశాలల పేర్లు ఒకదాని క్రింద ఒకటి ఎంచుకొనుట, తండ్రి ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి చెప్పుట, అటు తరువాత ఎదురుచూచుట. మొదటి విడతలో రాకపోయిన రెండవ విడత. వచ్చినను, ఇంతకంటె మంచిది రాకపోవునా అని మరల ఎదురుచూచుట.

పూర్వము పరీక్షా ఫలితములు దినపత్రికలో వట్టి నంబర్లుగా పడెడివి. బస్సులో పత్రిక వచ్చువరకు రోడ్డుమీద నిలిచి, నంబరు వెదకుకొని, నవ్వుటయో ఏడ్చుటయో ఆ పూటతోనే అయిపోయెడిది. నేటి ఎదురుచూపు నెలల తరబడి సాగుచు, ఇంటిల్లిపాది నిద్రను తినివేయుచున్నది.

ఇట్టి యింటివారికి లేఖనములో ఏ భాగము చదువుదుమా అని ఆలోచించి, మేము అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయమును తీసికొంటిమి. ప్రభువు ఆరోహణమైనది పునరుత్థానమునకు నలువదియవ దినమున. పెంతెకొస్తు ఏబదియవ దినమున. నడుమ పది దినములు. యెరూషలేము విడువక కనిపెట్టియుండుడని ప్రభువు చెప్పెను గాని, ఎన్ని దినములో చెప్పలేదు. తారీఖు తెలిసిన ఎదురుచూపు వేరు, తెలియని ఎదురుచూపు వేరు. ఈ సంగతి మన తల్లులకు మేము నేర్పనక్కరలేదు. ఆ మేడగదిలో యేసు తల్లియైన మరియయు, తక్కిన స్త్రీలును, శిష్యులును కలిసి ప్రార్థన చేయుచుండిరి. ఒక్కొక్కరు తమ తమ యిండ్లలో తలుపు వేసికొని కనిపెట్టలేదు. కూడియుండి కనిపెట్టిరి.

ఆ దినములలోనే ఒక స్థలము ఖాళీగా ఉన్నదని పేతురు లేచి చెప్పెను. పండ్రెండుగురిలో ఒకరు తక్కువ. ఎవరు తగినవారు? యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు పైకి చేర్చుకొనబడిన దినమువరకు వారితోకూడ తిరిగినవాడై యుండవలెను. ఈ అర్హత గలవారు ఇద్దరు నిలువబడిరి. ఒకడు మత్తీయ. రెండవవాడు యోసేపు, అతనికి బర్సబ్బా అనియు, యూస్తు అనియు పేర్లు కలవు. ఇద్దరికిని అర్హత సమానము, స్థలము ఒక్కటే. ప్రార్థించి చీట్లు వేసిరి. మత్తీయ పేరట వచ్చినది.

ఈ భాగము చదువునప్పుడెల్ల మన కన్ను మత్తీయవైపునకే పోవును. ఈ నెల యోసేపువైపు చూడుడని మిమ్మును వేడుకొనుచున్నాము. అతడు నిన్న మొన్న వచ్చినవాడు కాడు. యొర్దాను దరినుండి ఒలీవల కొండవరకు ప్రభువుతో నడచినవాడు. నూట ఇరువదిమంది యెదుట నిలువబెట్టబడి, ప్రార్థింపబడి, ఆ నూట ఇరువదిమంది చూచుచుండగానే మరియొకని పేరు పిలువబడగా విన్నవాడు. ఇంటికి వెళ్లి ఏమి చెప్పెనో మనకు తెలియదు. అతని తల్లి బ్రదికియుండినయెడల ఆమె ఏమి అడిగెనో తెలియదు. కొలొస్సయుల పత్రికలోను, కొరింథు పట్టణపు వృత్తాంతములోను యూస్తు అను పేరు మరల వచ్చును గాని వారు వేరొకరు. ఈ యోసేపు పేరు మరల ఎక్కడను లేదు.

అయితే, ప్రియులారా, మత్తీయ పేరు కూడ మరల ఎక్కడను లేదు! సీటు వచ్చినవాని పేరును, రానివాని పేరును ఆ అధ్యాయముతోనే ఆగిపోయినవి. మరుసటి అధ్యాయములో అగ్ని జ్వాలలు దిగినప్పుడు, కూడియున్న అందరిమీదను, ఒక్కొక్కరిమీదను నిలిచెను. ఆ అందరిలో యోసేపు లేడని చెప్పుటకు మాకు కారణమేమియు కనబడదు. అతడు లేచి వెళ్లిపోయెనని లూకా వ్రాయలేదు. అతడు ప్రభువుతో నడచిన మూడేండ్లను ఆ చీటి కొట్టివేయలేదు. తాను కన్న పునరుత్థానమును అతడు ఆ రాత్రినుండి కాననివాడు కాలేదు.

ఇక్కడ ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. సీటు వచ్చిన యింటివారు ఆదివారమున లేచి సాక్ష్యము చెప్పుట మన సంఘములలో వాడుక. కృతజ్ఞత చెల్లించుట మంచిదే. కాని "దేవుడు మా బిడ్డను ప్రేమించెను గనుక సీటు ఇచ్చెను" అని చెప్పునప్పుడు, అదే వరుసలో కూర్చున్న మరియొక తల్లి ఏమని అర్థము చేసికొనవలెను? ఆమె బిడ్డ హాలు టికెట్టును కూడ పరీక్షకు ముందు ఇదే బల్లయొద్ద పెట్టి ప్రార్థించితిమి గదా. ఆమె కూడ ఉపవాసముండెను గదా. ఇక సీటు వచ్చిన ఇంత కానుక వేయుదుమని మ్రొక్కుకొనువారున్నారు. ఆ కానుకను సంచిలో వేయవచ్చును గాని, దానితో దేవునిని బేరమునకు కూర్చుండబెట్టలేము.

సీట్ల కేటాయింపు యెట్లు జరుగునో కూడ పెద్దలు తెలిసికొనుట మంచిది. కంప్యూటరు ర్యాంకుల వరుసను పట్టుకొని, ఒక్కొక్క విద్యార్థి పెట్టిన ఆప్షన్లను పైనుండి క్రిందికి చూచి, ఆ ర్యాంకునకును ఆ రిజర్వేషనునకును మిగిలియున్న వాటిలో మొదటిదానిని ఇచ్చును. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రములో బి.సి.–సి పట్టీలో ఉన్నారు. ఆ పట్టీకి ఉన్నది నూటికి ఒక్క వంతు. ఇంజనీరింగు ఎంట్రన్సులో మూడు గంటలలో 160 ప్రశ్నలు. ఆ మూడు గంటలలో బిడ్డకు జ్వరము వచ్చియుండవచ్చును, ఒక పాఠము చదువక వదలియుండవచ్చును, లేదా తనకంటె బాగుగ చదివినవారు అనేకులు ఉండియుండవచ్చును. ర్యాంకు చెప్పునది ఇంతమాత్రమే. దానిలో దేవుని ప్రేమకు కొలత వెదకువారు అక్కడ లేనిదానిని వెదకుచున్నారు.

మనుష్యుల లెక్కలు తప్పుటయు కలదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటరు ఫలితములు వచ్చినప్పుడు, తెలుగులో సున్న పడిన ఒక విద్యార్థినికి మరల చూడగా 99 మార్కులు తేలినవి. తప్పినవారందరి పత్రములను ప్రభుత్వము ఉచితముగా మరల చూపించగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. కాని అంతలో ఇరువదిమందికి పైగా పిల్లలు తమ ప్రాణములు తీసికొనిరని పత్రికలలో చదివితిమి. 2024లో నీట్ ఫలితములు జూన్ 4న వచ్చినవి. ప్రశ్నపత్రము బయటపడెనను వివాదము సుప్రీంకోర్టువరకు పోయి, జూలై 23న గాని పరీక్ష రద్దు కాదని తేలలేదు. కౌన్సెలింగు ఆగస్టులో గాని మొదలుకాలేదు. ఆ పరీక్షకు పేరు పెట్టుకొన్నవారు ఇరువదినాలుగు లక్షలకు పైబడి. అన్ని యిండ్లలోను దీపము ఆరకుండ కూర్చున్నవారిని తలంచుకొనుడు. అంతకుముందు 2017లో, మన సంఘముల పిల్లలు ఆశతో చూచు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, ప్రవేశముల విధానముపై వ్యాజ్యము నడచుచుండుటచేత, తన నూరు యం.బి.బి.యస్. సీట్లలో ఒక్కటి తప్ప నింపలేదు. ఆ యేడు దానికొరకు చదివినవారి తప్పు ఏమున్నది?

పిల్లలు ప్రాణములు తీసికొనిరని వ్రాయుటకు మాకు చేయి ఆడలేదు. అయినను వ్రాయక తీరదు. మేడగదిలో ఆ స్థలము ఎట్లు ఖాళీ అయినదో మీకు తెలియును. యూదా తన తప్పును తెలిసికొని, వెండి నాణెములను దేవాలయములో పారవేసి, వెళ్లి తన ప్రాణము తీసికొనెను. అదే రాత్రి మరియొకడు కూడ తప్పెను, మూడుమార్లు తప్పెను, బయటికి పోయి మిక్కిలి ఏడ్చెను. అతడు పేతురు. యూదాకును పేతురునకును నడుమ మేము చూచు భేదములలో ఒకటి, పేతురు మూడవ దినమువరకు బ్రదికియుండెననునది. ఆదివారము ఉదయమున సమాధియొద్దకు పరుగెత్తుటకు అతడు మిగిలియుండెను. నూట ఇరువదిమంది సభలో లేచి మాటలాడినది ఆ తప్పినవాడే. ఈ మాటను చనిపోయిన పిల్లలమీద తీర్పుగా ఎవరును తీసికొనరాదు. వారు ఎంత చీకటిలో ఉండిరో దేవునికే తెలియును. బ్రదికియున్న పిల్లల యిండ్లవారు వినవలెననియే చెప్పుచున్నాము. బిడ్డ అన్నము ముట్టక, స్నేహితులతో మాటలాడక, తనకు ప్రియమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయుచు, "నేను లేకపోయినా మీకేమి" వంటి మాటలనుచుండినయెడల, అది పొగరని కొట్టివేయకుడి. ఆ రాత్రి ఒంటరిగా విడువకుడి. మమ్మును ఏ గంటకైనను లేపుడి. 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేయుడి. 2022 అక్టోబరునుండి ప్రభుత్వము నడుపుచున్న ఉచిత సేవ అది, తెలుగులో మాటలాడుదురు. వైద్యునియొద్దకు పోవుట విశ్వాసలోపము కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. సువార్తలలో తన పిల్లలకొరకు సీట్లు అడిగిన తల్లి ఒకామె కలదు. జెబెదయి భార్య, యాకోబు యోహానుల తల్లి, ప్రభువుయొద్దకు వచ్చి మ్రొక్కి, నీ రాజ్యములో ఒకనిని కుడివైపున, ఒకనిని ఎడమవైపున కూర్చుండనిమ్మని కోరెను (మత్తయి 20). ప్రసంగీకులు సాధారణముగా ఈమెను అత్యాశగలదని చీవాట్లు పెట్టుదురు. ప్రభువు పెట్టలేదు. మీరేమి అడుగుచున్నారో మీకు తెలియదని మెల్లగా చెప్పి, గిన్నె సంగతి పిల్లలనే అడిగెను. తల్లి కోరిన దానిని మోయవలసినవారు పిల్లలు గనుక వారినే అడిగెను. మన యిండ్లలో ఈ వరుస తప్పుచున్నది. డాక్టరు కావలెనని కోరువాడు తండ్రి, మోయువాడు కొడుకు; నీవు త్రాగగలవా అని వానిని అడుగువారు లేరు. రెండెకరముల కౌలు రైతు తాకట్టు పెట్టి కోచింగునకు కట్టిన డబ్బు ఆ పిల్లవానికి తెలియును. అన్నము కలుపుకొనునప్పుడెల్ల ఆ డబ్బు వాని కంచములో కనబడుచున్నది. మరల మాటతో గుర్తుచేయనక్కరలేదు.

ఆ తల్లి తరువాత ఎక్కడ కనబడును? సిలువయొద్ద (మత్తయి 27:56). కుడి యెడమల ఉన్నవారు ఇద్దరు దొంగలు. అడిగిన సీట్లు ఎట్టివో ఆమె అప్పుడు చూచియుండును. అయినను ఆమె వెళ్లిపోలేదు, నిలిచియుండెను.

హన్నా సంగతి కూడ క్లుప్తముగా జ్ఞాపకము చేసెదము. షిలోహు మందిరములో ఏడ్చి ప్రార్థించిన తరువాత ఆమె వెళ్లి భోజనము చేసెను. ఆమె ముఖము మునుపటివలె దుఃఖముగా ఉండలేదు (1 సమూయేలు 1:18). బిడ్డ అప్పటికి పుట్టలేదు, గర్భముకూడ నిలువలేదు. జవాబు రాకమునుపే ఆమె అన్నము తినెను. మా సంఘములో ఒక తల్లి, కొడుకు తినుటలేదని తానును మానుకొని కూర్చుండెను. ఇంటిలో ఒకరు తినినయెడల రెండవవారు తినుటకు ధైర్యము వచ్చునని మేము ఆమెకు ఈ వచనము చూపితిమి.

మరికొన్ని సంగతులు. సీటు ఇప్పింతునని ముందుగా డబ్బు అడుగువానిని గుమ్మము ఎక్కనీయకుడి. కౌన్సెలింగు సీటు డబ్బిచ్చి కొనునది కాదు. బిడ్డ ఓటీపీని, పాస్‌వర్డును పరులకు చెప్పకుడి. ఒకరి ఆప్షన్లను మరియొకరు మార్చివేసిన కష్టములు ఉన్నవి. బంధువులు ఫోను చేసి "ర్యాంకు ఎంత, ఎక్కడ వచ్చింది?" అని అడిగినప్పుడు, తండ్రియే ఫోను తీసికొని "ఇంకా చూస్తున్నామండి" అనవలెను; బిడ్డ చేతికి ఇవ్వకూడదు. డిగ్రీ, డిప్లొమా, నర్సింగు, ఐ.టి.ఐ. వీటిని గూర్చి అడుగదలచినవారు మా యింటికి రండి. మన సంఘములోనే ఉపాధ్యాయులు ఇద్దరు, నర్సు ఒకామె ఉన్నారు. వారు ఆదివారము ఆరాధన పిమ్మట గంటసేపు కూర్చుండుటకు ఒప్పుకొనిరి.

బుధవారము సాయంత్రము దీపములు పెట్టు వేళకు ప్రార్థనకూటము. ఎదురుచూచుచున్న పిల్లల పేర్లు వ్రాసి స్త్రీల సమాజపు పెద్దకు ఇయ్యుడి. పేరు మాత్రమే వ్రాయుడి, ర్యాంకు వ్రాయవద్దు. సీటు వచ్చినవారి పేర్లును, రానివారి పేర్లును ఒక్క కాగితముమీదనే చదివెదము. పిల్లలను తప్పక తీసికొని రండి. కూటము తరువాత అందరికి ఉప్మా, టీ ఉండును.