తిరిగొచ్చే నగ

నగలు చేసేవాళ్ళకు పని మీద ఉత్సాహం తగ్గకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు దొరికే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్త ఊళ్ళు చూడండి, మ్యూజియంలకు వెళ్ళండి, బొమ్మలు గీసుకునే పుస్తకం ఒకటి వెంట ఉంచుకోండి, ఏడాదికో కొత్త పద్ధతి నేర్చుకోండి. ఇవి చెడ్డ సలహాలేం కావు. కాకపోతే ఇవన్నీ ఒక రకం మనిషిని ఊహించుకుని చెప్పినవి. సొంత స్టూడియోలో కూచుని, తనకు తోచిన నగను తోచినట్టు చేసి, దానికి తన పేరు పెట్టుకునే మనిషిని. 1946లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ చేత్తో చేసిన ఆధునిక నగలతో ఒక ప్రదర్శన పెట్టింది. అందులో శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ నగలూ ఉన్నాయి. ఇత్తడి తీగల్నీ వెండి తీగల్నీ సుత్తితో కొట్టి, చుట్టలు చుట్టి ఆయన జీవితకాలంలో దాదాపు 1,800 నగలు చేశాడు.

అలాంటి మనిషికి ప్రేరణ కావాలి, నిజమే. మరి యాడికిలో ముప్పై ఏళ్ళుగా అవే బొట్లు, అవే కమ్మలు చేసే కంసాలి సంగతి? కొత్తగా ఆలోచించమని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. తల్లి కమ్మల్లాంటివే కూతురికీ కావాలంటారు. ఆయన తన పనిని మెరుగుపరచుకోవాల్సిన అవసరం ఏమిటి? ఎవరి కోసం?

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వేరుశనగను నమ్ముకున్న ఈ నేలలో బంగారం కూడా వానను బట్టే కదులుతుంది. పంట చేతికొచ్చిన ఏడు పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళకు గొలుసులు. పంట పోయిన ఏడు అవే గొలుసులు తాకట్టుకు పోతాయి. కొత్త నగ కొనగలిగినవాళ్ళు ప్రొద్దుటూరు అంగళ్ళకు పోతారు. ఊరి కంసాలి దగ్గరికి ఎక్కువగా వచ్చేవి తెగిన కొలికి, ఊడిన కమ్మ సీల, అరిగిపోయిన కొక్కెం, వేలికి బిగుతైన ఉంగరం. అంటే ఆయన పనిలో చాలా భాగం మరమ్మతే.

మరమ్మతును మనం చిన్నపని అనుకుంటాం. అది తప్పని నాకు అర్థమయింది అలాంటి ఒక ఆచారి గారి కుంపటి పక్కన కూచున్నప్పుడే. అతుకు వెయ్యడానికి వాడే బంగారం నగ కంటే కాస్త ముందు కరగాలి. అందుకే అందులో రాగి, వెండి కలుపుతారు. వెలిగారం రాసి, మంటను ఊది, అతుకు కరిగి పారిన క్షణంలో మంట తీసెయ్యాలి. ఆలస్యమైతే నగే కరిగిపోతుంది. కొత్త నగ అయితే ఏం కలిపాడో తనకు తెలుసు. పాత నగ మీద అంతకు ముందే ముగ్గురి చేతులు పడి ఉండొచ్చు. ఒక్కో అతుకు ఒక్కో వేడికి కరుగుతుంది. ఒకటి బాగుచేయబోతే పక్కది ఊడొచ్చు. కాబట్టి మంట పెట్టేముందు ఆ నగ చరిత్రంతా చదువుకోవాలి.

"రోజూ అదే పని గదా, ఇసుగు రాదా చిన్నాయనా?" అని అడిగాను.

"ఇసుగొస్తే ఎట్ల నాయినా? యెవురో ఏసిన అతుకు ఇప్పి సూస్తే వాని బుద్ధి తెలుస్తాది. నాది గూడా ఒగ దినం ఇంగొకడు ఇప్పుతాడు గదా!"

నేను ఎత్తుకున్న ప్రశ్నకు జవాబు ఈ మాటలోనే ఉందనుకుంటాను. కంసాలి వృత్తిలో నైపుణ్యం, నిజాయితీ కలిసేది కొన్నవాళ్ళ కంటికి ఆనని చోట, అతుకు దగ్గర. అక్కడ కాస్త ఎక్కువ రాగి పోసినా కట్టుకున్నావిడకు తెలీదు. కన్నతల్లి నగలోనైనా కంసాలి ఇంత బంగారం మిగుల్చుకుంటాడని సామెత పుట్టించింది కూడా ఈ తెలియకపోవడమే. ఆ సామెత ఒక కులం మొత్తం మీద వేసిన నింద. దాంట్లో కంసాలి గుణం కంటే, సరిచూసుకునే దారి లేనివాళ్ళ భయమే నాకు ఎక్కువ కనిపిస్తుంది. కొనేవాడికి తెలియదు సరే. తర్వాత బాగుచేసేవాడికి మాత్రం తెలుస్తుంది. కంసాలి పని నేర్పుగా, నీతిగా సాగడానికి ఒక కారణం, ఎప్పుడో ఒకప్పుడు దాన్ని విప్పబోయే ఆ రెండోవాడు.

భయానికి వేరే పరిష్కారాలూ వచ్చాయి. కేడీయం నగలని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అతుకులో రాగికి బదులు కాడ్మియం కలిపితే వేడికి అది ఆవిరై పోతుంది, నగ స్వచ్ఛత తగ్గదు. ఆ ఆవిరి పోయేది మాత్రం చేసేవాడి ఊపిరితిత్తుల్లోకి. కొన్నవాడి నమ్మకానికి ఖరీదు చేసినవాడు కట్టాడన్నమాట. తర్వాత దాన్ని నిషేధించారు. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి నగ మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటేనే అమ్మాలి. ఇది మంచి మార్పు, అనుమానం లేదు. అయితే ఆ గుర్తు బంగారం ఎంతో చెప్తుంది, పని ఎలాంటిదో చెప్పదు. అచ్చులో పోసిన గొలుసు తెగితే అది చేసినవాడి దగ్గరికి వెళ్ళదు. అంగడివాళ్ళు కరిగించి, తరుగు తీసేసి, ఇంకోటి చేతిలో పెడతారు. తన పొరపాటు తన దగ్గరికి తిరిగిరాని పనివాడు ఏం చూసి నేర్చుకోవాలి?

ఇదంతా పేదరికానికి పూత పూయడం కాదా అని అడగొచ్చు. అడగాల్సిందే. మరమ్మతుకు వచ్చే మజూరీతో ఇల్లు గడవదు. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నప్పుడు దేశమంతా ఎందరో కంసాలుల బతుకులు కూలిపోయాయి, ఆత్మహత్యలు కూడా జరిగాయి. వాళ్ళ చేతుల్లో నేర్పు తక్కువై కాదు. పని అంటే ప్రేమ ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు చేసిన పనే చేసినా ఏమీ నేర్చుకోనివాళ్ళు ఉంటారు. చూపు కూడా ఎదగాలి. యాడికికి దగ్గర్లోనే ఉన్న తాడిపత్రిలో, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి. ఆ రాతి మీద హారాల్నీ వడ్డాణాల్నీ చూడని కంసాలి ఏదో పోగొట్టుకున్నట్టే. సలహాల్లో మ్యూజియం అంటున్నది ఇక్కడ గుడి రూపంలో ఉంది. అయినా చూపు ఇచ్చేది కోరిక మాత్రమే. చేతిని దిద్దేది తిరిగొచ్చిన నగ.

రిచర్డ్ సెన్నెట్ 2008లో రాసిన 'ది క్రాఫ్ట్స్‌మన్'లో మధ్యయుగపు కంసాలుల గురించీ, లినక్స్ రాసేవాళ్ళ గురించీ ఒకే పుస్తకంలో మాట్లాడతాడు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నాకు ఆ పొత్తు వింతగా అనిపించలేదు. రాసినవాడొకడు, అర్ధరాత్రి బగ్ సరిచేసేవాడొకడు అయిన చోట కోడ్ ఎలా తయారవుతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఏడాదికో కొత్త భాష నేర్చుకోవడం మంచిదే. తను మూడేళ్ళ కింద రాసింది తనే విప్పి చూసుకోవాల్సి రావడం అంతకంటే పెద్ద చదువు.

మా సీమలో ఒక కంసాలి పేరు మాత్రం మిగిలింది. అభిరాముడు. వేమన వదినకు నగలు చేసేవాడనీ, అతనికి యోగి చేయబోయిన ఉపదేశాన్ని వేమన అతన్ని అడ్డగించి తాను పొందాడనీ, ఆ రుణం తీర్చుకోవడానికే అతని పేరును మకుటంలో చేర్చాడనీ కథ. నిజమో కాదో గానీ, ఆ కథలో అభిరాముడు చేసిన నగ ఒక్కటీ మిగల్లేదు. పేరు మిగిలింది కూడా ఇంకొకరి పద్యంలోనే. మిగతా కంసాలులకు ఆ మకుటం కూడా లేదు. వాళ్ళ పనిని చదివేది తర్వాతి కంసాలి ఒక్కడే, అదీ కొలికి తెగినప్పుడు. తాను చూడబోని ఆ ఒక్క పాఠకుడి కోసం అతుకు సరిగ్గా వెయ్యగలిగినవాడికి ప్రేరణ గురించి మనం చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఆ పనికి తగిన మజూరీ ఇవ్వడం మాత్రం మన చేతిలో ఉంది.