అతిథి ధర్మము

అతిథిని దేవునివలె చూడవలయునని మన పెద్దలు నేర్పిరి. వచ్చినవానికి కాళ్లు కడుగుకొన నీళ్లియ్యవలయును. వాని యాకలిని తన యాకలికంటె ముందు తలపవలయును. వాడు పోవునప్పుడు గుమ్మమువరకు సాగనంపవలయును. గృహస్థు చేయవలసిన పనుల పట్టిక యిట్లు చాల పొడవుగా నున్నది. కాని ఆ వచ్చినవాడు చేయవలసినదేమి? ఈ ప్రశ్నకు మన యిండ్లలో వినవచ్చు సమాధానములు మిక్కిలి తక్కువ. పూర్వము దీని యవసరమును తక్కువగనే యుండెను. ఊరు విడిచి పోవువాడు తీర్థమునకో, వ్యాజ్యమునకో, పెండ్లిసంబంధమునకో పోయెడివాడు. నేడట్లు గాదు. పని యేమియు లేకయే, చూచుటకై మాత్రమే, మనము ఇతరుల ఊళ్లకు పోవుచున్నాము. మనల నెవరును పిలువలేదు. పిలువని చోటికి సంతోషముకొరకు పోవువానికి ధర్మమేమైన గలదా? లేక కారులో పెట్రోలు పోయించినంతనే వాని ఋణములన్నియు తీరిపోవునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములు చదువుచుండగా పుట్టినది గాదు. కొల్లేటి లంకలో నొక యింటి గుమ్మమున పుట్టినది.

గత మార్గశిరమాసమున మేము కుటుంబముతో ఏలూరినుండి రెండు దినముల విహారమునకు కారులో పోవ నిశ్చయించితిమి. దారి పెద్దది గాదు. దక్షిణముగా కొల్లేటిని దాటి కైకలూరు చేరుట. అచ్చట ఆటపాక పక్షికేంద్రమును, సరస్సు నడుమనున్న కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి గుడిని చూచుట. ఆకివీడు, గణపవరముల మీదుగా సాయంకాలమునకు తాడేపల్లిగూడెము చేరి బంధువులయింట నిద్రించుట. మరునాడు సుమారు 50 కిలోమీటర్లు వచ్చి యిల్లు చేరుట. ఇంతమాత్రమునకు నాలుగు రాత్రులు కూర్చుండి ప్రణాళిక వ్రాసితిమి. పదునాలుగు మజిలీలు కుదిరినవి. పక్షులకు నలువది నిమిషములు, అమ్మవారికి ఇరువది, లంకగ్రామమునకు పదునైదు. ఆ కాగితము ఇప్పటికిని మాయొద్ద నున్నది. అందు ఊళ్ల పేర్లున్నవి, దూరములున్నవి, ఫలాహారపు వేళలున్నవి. మనుష్యులు మాత్రము లేరు. ఆ లోపము వ్రాయునప్పుడు మాలో నొక్కరికిని కనబడలేదు.

ప్రయాణమునకు మజిలీల పట్టిక వ్రాసికొనుట క్రొత్త యలవాటు గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశికి పోయి, 1831లో తిరిగివచ్చిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ యూర బావులున్నవి, ఏ యూర అంగళ్లున్నవి, దిగుటకు వసతి యెచ్చట దొరకును అను వివరములు వారును వ్రాసిరి. కాని పల్లకీలో పోవువాడు ఊరివారి నడుగక నీళ్లు త్రాగలేడు; అడిగినవానికి వినక తప్పదు. కనుకనే ఆ గ్రంథమున ఊళ్లతోపాటు ఊరివారి యాచారములును, బ్రతుకుదెరువులును చేరినవి.

దీని ప్రక్కన మరియొక పుస్తకమును పెట్టి చూడవచ్చును. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ అను టైర్ల కంపెనీవారు 1900లో మోటారు నడుపువారికి ఉచితముగా ఒక చిన్న పుస్తకమును పంచిరి. భోజనమెచ్చట, బస యెచ్చట, మరమ్మతు లెచ్చట అనునవి యందుండెను. జనులు తిరిగినకొలది టైర్లు అరుగును గదా! 1936లో ఆ దేశపు కార్మికులకు జీతముతోడి రెండువారముల సెలవు శాసనమువలన లభించినది. పిమ్మట కొలదిదినములు పల్లెదారులవెంట తిరిగివచ్చుట సామాన్య కుటుంబములకును అలవాటైనది. ఇది దూష్యము గాదు; శ్రమించువానికి విశ్రాంతియు, లోకదర్శనమును కలుగుట మంచిదే. కాని దారి చెప్పు పుస్తకములు పెరిగినకొలది దారి యడుగవలసిన పని తరిగినది. నేడు చేతిఫోనులోని పటము మిగిలినదానిని గూడ మాన్పినది. ఎవరితోడను ఒక్క మాటయైన నాడక నూరుకోసులు తిరిగి యిల్లు చేరవచ్చును. మేమును అట్లే తిరిగి రాబోయితిమి.

తెల్లవారినతోడనే కొల్లేటి గట్లమీదికి వచ్చితిమి. ఇరుప్రక్కల చేపల చెరువులు. శీలావతి, బొచ్చె చేపలను మంచుతో పెట్టెలకెత్తి బండ్లలో సర్దుచున్నారు. దూరమున నీటిపై గూడబాతులు గుంపుగా వ్రాలినవి. మేము ముచ్చటపడి కారును సన్నని గట్టుమీదనే నిలిపితిమి. వెనుక చేపలబండి తోలుకొని వచ్చినవాడు రెండుమారులు హారను మ్రోగించి ఊరకుండెను. వాని బండిలో మంచు కరుగుచున్నదన్న సంగతి మాకు తట్టలేదు. ఎంత యోపికగలవాడో యని మెచ్చుకొంటిమి!

తరువాత నొక లంకగ్రామమున దిగితిమి. ఒక యింటిముందర తాటిదోనె బోర్లించియున్నది. అరుగుమీద నొక ముసలమ్మ వల బాగుచేసికొనుచున్నది. ఎండ యేటవాలుగా పడి ఆ వల మెరయుచుండెను. మేము ఫోను తీసి, ఆ యింటిని, ఆమెను నాలుగు బొమ్మలు తీసికొని, కారువైపు మరలితిమి. అప్పుడామె తల యెత్తి మాతోనున్న ఆడవారిని జూచి, “మా ఇల్లు బొమ్మ తీసుకున్నారు గదమ్మా, లోపలికి రాకుండానే ఎల్లిపోతారా?” అనెను.

అది యెత్తిపొడుపో, ఆహ్వానమో నేటికిని మేము తేల్చుకొనలేదు. లోపలికి పోయితిమి. ఆమె చాప పరచి, ప్లాస్టిక్ డబ్బాలోని నీళ్లను గ్లాసులతో అందఱికి నిచ్చెను. ఆ డబ్బా డబ్బిచ్చి కొన్నది. కనుచూపుమేర నీరున్న ఊర త్రాగునీరు కొనుక్కొని త్రాగుచున్నారు. మా కారులో పండ్రెండు సీసాల నీళ్లున్నవి. వద్దనుటకు నోరురాక ఆ నీళ్లే త్రాగితిమి. పదునైదు నిమిషములని వ్రాసికొన్న చోట రెండు గంటలు గడచినవి.

ఆ రెండు గంటలలో విన్నది మా ప్రణాళికలో నెచ్చటను లేదు. ఆమె చిన్ననాట మగవారు దోనెలలో పోయి, మావులు పెట్టి, కొఱ్ఱమీను, మట్టగిడిస పట్టి తెచ్చెడివారట. తరువాత ఊరి సంఘమునకు చెరువు వచ్చినదట. పిమ్మట గట్టు తెగగొట్టినారట. ఇప్పుడు కుమారుడు ఎవరి చెరువుననో మేతవేయు కూలికి పోవుచున్నాడు. ఇదంతయు ఆమె నిష్ఠురము లేకుండ, వానాకాలపు సంగతి చెప్పినట్లు చెప్పెను.

మేమో, ఆ ఉదయమంతయు కారులో కూర్చుండి “ఎట్టి సరస్సు ఎట్లు చెరువులపాలైనది!” అని నిట్టూర్చుచు వచ్చినవారము. ఆ నిట్టూర్పునకు మాకున్న హక్కెంతయో ఇప్పుడు విచారింపవలసి వచ్చినది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున నున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి యిందు పడును. నీరు సముద్రమునకు పోవు మార్గము ఉప్పుటేరొక్కటియే. 1970వ దశకమున ప్రభుత్వమువారే మత్స్యకారుల సహకారసంఘములకు ఇందు చేపల చెరువుల నేర్పరచి యిచ్చిరి. లాభము తెలిసినపిమ్మట ధనవంతులు దిగిరి, గట్లు పెరిగినవి, నీటినడక కుంటుపడినది, పక్షులకు మేతనేలలు తరిగినవి. 1999లో సరస్సునందు ఐదవ కాంటూరువరకు గల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలలలో కొల్లేరు చేరినది. 2006లో ప్రభుత్వమువారు గట్లను యంత్రములతోడను, మందుగుండుతోడను ఛేదించిరి. పెద్దచెరువులవాడు నష్టపడినను మరియొక వ్యాపారము చేసికొనగలడు. సంఘపు చెరువులో చిన్న వాటాగలవానికి మరియొకటి లేదు. పక్షులకు చోటు కావలయును. వరదకు దారి కావలయును. లంకలవారికి కూడు కావలయును. వీనిలో నేదియు అసత్యము గాదు. వీనిని పొందుపరచుట కష్టము. ఆ కష్టమును ఒక్క పూట చూచి, ఒక్క నిట్టూర్పుతో తేల్చుట సులభము.

అదియునుగాక, మేము పరాయి దేశమునుండి వచ్చినవారము గాము. తమ్మిలేరు ఏలూరు మీదుగానే కొల్లేటికి పోవుచున్నది. మా పట్టణపు మురుగు చేరునది ఆ సరస్సునకే. తాడేపల్లిగూడెము దాటి ఏలూరికి వచ్చు గోదావరికాలువ మనకు అన్నము పెట్టుచున్నది. పొలములలో మందులతో కలిసిన మిగులునీరు మురుగుకాలువలవెంట మరల కొల్లేటికే దిగుచున్నది. ఆ చెరువుల చేపలను మేమే కొని వండుకొనుచున్నాము. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద విజయవాడను ముంచినప్పుడు దేశమంతయు చూచినది. ఆ నీరే దిగువకు వచ్చి లంకలను చుట్టుముట్టినప్పుడు చూచినవారు కొందరే. ఇన్నియు పంపి, ఇన్నియు తిని, ఆదివారమునాడు వచ్చి సరస్సు చెడినదని దుఃఖించువాని దుఃఖము నిజమే కావచ్చును. కాని ఆ తప్పుల పట్టికలో వాని పేరును వ్రాయబడవలయును. తీర్పు చెప్పవలదని మే మనము. సాక్షి స్థానమున గాక, కక్షిదారుల వరుసలో నిలిచి చెప్పవలయు నందుము.

ఆనాటి సాయంకాలము తాడేపల్లిగూడెము చేరితిమి. బంధువుల యింటికి పోవునప్పుడు వట్టిచేతులతో పోరాదని బజారున ఆగి పండ్లు కొంటిమి. గేటువద్ద చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని, పెద్దలకు నమస్కరించి, పిల్లల చదువుసంధ్యలు విచారించితిమి. ఆ యింటి గోడలకు పాత సున్నపు పెచ్చులూడియున్నవి. దానిని చూచియు చూడనట్లుంటిమి. కిటికీవెంట వారి వంటయింటి బొమ్మ తీయవలయునని మా పిల్లవానికైనను తోచలేదు. రాత్రి పరుండిన పిమ్మట నీ భేదము మాకు స్ఫురించి నిద్రపట్టలేదు. ఒక్కదినమున రెండిండ్లకు పోయితిమి. ఒకచోట మర్యాద తెలిసినవారము. మరియొకచోట ఆ మర్యాదను ముసలమ్మ నేర్పవలసి వచ్చినది. చుట్టరికమే దీనికి కారణమందురా? పరిచయము లేని యధికారి యింటికి పోయినను ఇట్లే వినయముగా నుందుము గదా! తాడేపల్లిగూడెమున మేము చూచినది ఇల్లు. లంకలో చూచినది దృశ్యము. దృశ్యమునకు గుమ్మముండదు, సిగ్గుండదు. కనుక ఎవరి సెలవును అడుగ నక్కరలేదని తలచితిమి. బీదవాని యిల్లు మన కంటికి అంత త్వరగా దృశ్యమైపోవుటయే ఇందలి దోషము.

ఈ సంగతి చెప్పగా మిత్రుడొకడు, “యాత్రికులవలన పల్లెలకు నాలుగు రూకలు వచ్చును, ఇంత సున్నితముగా తలచిన నెవరును కదలరు” అనెను. రూకలు వచ్చుట మంచిదే. కాని మేమానాడు ఏలూరినుండి పులిహోర, నీళ్లు, పండ్లు అన్నియు కట్టుకొనిపోయి, ఆ లంకలో నొక్క రూపాయియు ఖర్చు పెట్టలేదు. వారిచ్చిన నీళ్లు త్రాగివచ్చితిమి. మరియొకరు, “ఇట్లయిన యాత్రలే మానుట మేలు” అనిరి. దానికిని మేమొప్పము. ఇల్లు కదలనివాడు ఆ ముసలమ్మ మాటను వినియుండడు. తన మురుగు ఎచ్చటికి పోవుచున్నదో యెఱుగక, కొల్లేటి చేపను మెచ్చుకొనుచు బ్రతికియుండును. చూడకుండుటయు నిర్దోషము గాదు. చూచినవాడు ఋణపడును, ఋణమునకు వెఱచి కన్నులు మూసికొనుటకంటె, చూచి తీర్చుకొన యత్నించుట గృహస్థునకు తగిన మార్గము.

తీర్చుకొనుట యెట్లు? ఈ యేడు మరల ప్రణాళిక వ్రాసితిమి. పదునాలుగు మజిలీలు నాలుగైనవి. చేపలబండ్లు కదలు ఉదయవేళ గట్లదారి వారిది. మేము ప్రొద్దెక్కిన తరువాతనే దిగుదుము. మధ్యాహ్నభోజనము అచ్చటనే, అడిగిన ధరకు. బొమ్మ తీయుటకు ముందు అడుగుట. వలదన్న ఫోను మడిచి కూర్చుండుట. ఆటపాకలో గూళ్లకు దూరముగా, గొంతు తగ్గించి నిలుచుట. తీసికొనిపోయిన సీసాలన్నియు ఖాళీగానైనను తిరిగి యింటికి తెచ్చుట. పిల్లలకు మేము పాఠము చెప్పుట మాని, చేపల పేర్లను, పిట్టల పేర్లను ఆ యూరి పిల్లలనుండి నేర్చుకొన విడుచుట. ఇవి పెద్ద వ్రతములు గావు. బంధువుల యింట మనము నిత్యము చేయు పనులే, మరికొంతదూరము తీసికొనిపోవలసినవి. యాత్రనుండి వచ్చిన తరువాత చేయవలసినది మాత్రము కష్టమైనది: మా పట్టణపు మురుగును శుద్ధిచేయక సరస్సునకు విడుచుటను గూర్చి ఓటు అడుగవచ్చినవారిని నిలిపి ప్రశ్నించుట. చూచివచ్చినవాని మాటకు విననివాని మాటకంటె కొంత బరువుండును.

ఆనాడు చెప్పకుండ తీసిన నాలుగు బొమ్మలను ఫోనునుండి తుడిచివేసితిమి. వచ్చునప్పుడు ఆమె నడిగి, ఆమె చీర సవరించుకొని మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న పిమ్మట తీసిన బొమ్మ యొక్కటి మిగిలినది. వెలుతురు చాలక అది కొంచెము మసకగా నున్నది. దానిని కాగితముమీద అచ్చొత్తించి యుంచితిమి. అది చేర్చెదమని మాట యిచ్చి యేడాది కావచ్చినది. ఈమారు ప్రణాళికలో మొదటి మజిలీ ఆ యిల్లే. దాని కెదురుగా నిమిషములు వ్రాయలేదు.