నలుగురు మోసిన పరుపు

వాక్యభాగము: మార్కు సువార్త 2:1-12



కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను ఉంటున్న మన బిడ్డలు చలికాలములో గడ్డకట్టిన చెరువుల మీద స్నేహితులతో కలిసి హాకీ ఆడుకొనడము చూచే ఉంటారు. మంచు కనీసము 4 అంగుళాల మందము లేనిదే దాని మీద అడుగు పెట్టవద్దని అక్కడి పెద్దలు పిల్లలకు నేర్పుతారు. మా ప్రాంతములో చెరువులు గడ్డకట్టవు, ఎండిపోతాయి. అక్కడ చలి చేసిపెట్టే ఆటస్థలమును ఇక్కడ ఎండ చేసిపెడుతుంది. అయితే పైకి గట్టిగా కనబడే నేల లోపల ఎలా ఉన్నదో రెండు చోట్లా చూచుకొనవలసినదే.

ఒక వేసవిలో మా తెలుగు సహవాసపు యౌవనస్థులు కొందరు శనివారము సాయంత్రము బస్సెక్కి గుడియాత్తం వెళ్లారు. కొందరు ఆసుపత్రి పనివారు, కొందరు విద్యార్థులు, ఒకడు చెప్పుల ఫ్యాక్టరీలో గుమాస్తా. గుడియాత్తంలో లుంగీలు నేసే తెలుగు కుటుంబపు పిల్లవాడొకడు వీరికి స్నేహితుడు. రాత్రి అతని ఇంట పడుకొని, ఆదివారము ఉదయము ఎండిన చెరువులో హాకీ ఆడుకొనవలెనని వారి ఏర్పాటు. "ఆరాధన మానుకొని ఆట ఏమిటి?" అని నేను గట్టిగానే మందలించాను. అయినా వెళ్లారు.

వారిలో ఇద్దరి మధ్య ఆరు వారాలుగా మాటలు లేవు. కలిసి తీసుకొన్న అద్దె గదికి కట్టిన అడ్వాన్సు డబ్బు దగ్గర వచ్చిన తగాదా అది. స్నేహితుల బలవంతము మీద ఇద్దరూ వచ్చారు గాని, వేర్వేరు జట్లలో నిలిచారు. ఆటకు అంపైరు లేడు. తూము దగ్గర నేల పైన నెర్రెలు విచ్చి గట్టిగా ఉన్నది, అడుగున మాత్రము బురద. బంతి వెంట పరుగెత్తిన ఒకని కాలు అందులో దిగబడింది. అదే క్షణములో రెండవవాడు విసిరిన కర్ర ఆ కాలికి తగిలింది. ఎముక విరిగింది. ఆ ఇద్దరూ ఎవరో మీరే ఊహించగలరు.

చెరువులోనికి బండి రాదు. నేతగాడైన ఆ ఇంటి పెద్దాయన రెండు వెదురు గడలు, రెండు కొత్త లుంగీలు పట్టుకొని పరుగున వచ్చాడు. గడలను లుంగీలలో దూర్చి మోత కట్టారు. నలుగురు భుజాలకెత్తుకొని గట్టు దాటి రోడ్డు వరకు మోశారు. తలవైపు గడను పట్టుకొన్నవాడు కర్ర విసిరినవాడే. దారిలో వాడు ఏడుస్తూ క్షమించుమని అడిగాడట. మోతలో ఉన్నవాడు ఆ నొప్పిలోనే, "ముందు సరిగ్గా పట్టుకోరా, పడేస్తావు" అన్నాడట. ఆరు వారాల తరువాత వారి మధ్య నడచిన మొదటి మాటలు అవే. అక్కడ నుండి 108 బండిలో వేలూరు చేరారు.

నాకు కబురు ఆరాధన నడుచుచుండగా వచ్చింది. ఒక సంగతి మీ ముందు ఒప్పుకొనవలెను. నా మనస్సులో మొదట పుట్టినది ప్రార్థన కాదు, "చెప్పితే విన్నారా?" అనే మాట. ఆరాధన ముగించి, ఇంట భోజనము కూడా చేసి, అప్పుడు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ నలుగురూ మోకాళ్ల వరకు బురదతో బల్ల మీద కూర్చున్నారు. తగాదా పడిన ఆ మోతగాడు ఒక బన్ను కొని, సగము తాను తిని, సగము లోపలివానికని కాగితములో చుట్టి ఉంచుకొన్నాడు. నేను లోపలికి వెళ్లగానే ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఆదివారము మానుకొన్నందుకు దేవుడు నన్ను కొట్టాడా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ మాట వానికి నేర్పినవాడను నేనే. ఆ రాత్రి మార్కు రెండవ అధ్యాయము తెరిచాను. దేవుడు నాకు చూపిన మూడు సంగతులు మీతో పంచుకొంటున్నాను.

మొదటిది, మోసినవారు. కపెర్నహూములో ఆ పక్షవాయువు గలవానిని మోసిన నలుగురి పేర్లు సువార్తలో లేవు. అయినా ప్రభువు చూచినది వారి విశ్వాసమును. పడినవాని విశ్వాసము ఎంతో మనకు తెలియదు, మోసినవారి విశ్వాసము మాత్రము కనబడింది. ప్రియులారా, పరదేశములో మన తల్లిదండ్రులు దగ్గర లేరు. జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టేవాడే మనకు బంధువు.

రెండవది, గుమ్మము దగ్గర నిలిచినవారు. వారు చెడ్డవారు కారు. వాక్యము వినుటకే వచ్చారు. అయితే వారి వీపులే రోగికి గోడ అయినవి. అందుకే ఆ నలుగురు ఇంటికప్పు విప్పవలసివచ్చింది. ఆ ఆదివారము నేను గుమ్మము దగ్గర నిలిచినవాడను. వాక్యము చెబుతూనే దారికి అడ్డము నిలిచాను.

మూడవది, ప్రభువు ముందుగా ఇచ్చినది. అందరూ కాళ్లు బాగుపడుట కొరకు చూస్తుండగా ఆయన మొదట పాపక్షమాపణ ఇచ్చాడు. మా పిల్లవాని ఎముక అతుకుటకు చాలా వారాలు పట్టింది. విరిగిన స్నేహము మాత్రము రోడ్డు చేరకముందే అతికింది. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఇచ్చిన జవాబునే మరునాడు ఆ పిల్లవానికి చదివి వినిపించి, నన్ను క్షమించుమని అడిగాను.

అయితే ఆదివారము లెక్కలేనిదా? కాదు. హెబ్రీ 10:25 మన కొరకే ఉన్నది. ఎరిక్ లిడెల్‌ను జ్ఞాపకము చేసికొనండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు ఆదివారము వచ్చినదని దానిని విడిచి, 400 మీటర్లలో బంగారు పతకము పొందిన భక్తుడు ఆయన. తరువాత చైనాలో మిషనరీగా ఉండి, యుద్ధకాలములో జపానువారి శిబిరములో బందీ అయ్యాడు. అక్కడ ఆదివారము ఆటలు నడిపించుటకు ఆయన ఒప్పుకొనలేదు. పిల్లలు తమంతట తామే హాకీ ఆడి, నడిపించేవాడు లేక కొట్టుకొన్నారు. ఆ తరువాత ఆదివారము లిడెల్ స్వయముగా మైదానములోనికి దిగి అంపైరుగా నిలిచాడు. తన ఘనత కొరకు పరుగెత్తనివాడు పిల్లల సమాధానము కొరకు పరుగెత్తాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించాడు.

ఆ మాట నన్ను కదిలించింది. ఇప్పుడు మా పిల్లలు శనివారము ఉదయమే వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తారు. నేనూ వెళతాను. నాకు ఆట రాదు గాని విజిల్ ఊదడము వచ్చు. ముందుగా తూము దగ్గర నేలను కర్రతో పొడిచి చూస్తాము. గట్టు మీద చింతచెట్టు క్రింద ప్రార్థన చేసికొని ఆట మొదలుపెడతాము.

1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఈ వేలూరులో ఒకే పడకతో వైద్యసేవ ప్రారంభించారు. నేడు ఆ ఆసుపత్రి గుమ్మము వద్దకు మన ఆంధ్ర నుండి ఎందరో ఒకరినొకరు పట్టుకొని వస్తారు. ఎవరూ ఒంటరిగా మోయబడరు.

ఇది చదువుచున్న ప్రియ సహోదరుడా, సహోదరీ, నీవున్న ఊరిలో నీ పరుపు పట్టే నలుగురు ఎవరు? ఎవరి పరుపు యొక్క నాలుగవ మూల నీ చేతి కొరకు ఎదురుచూస్తున్నది? మాటలు మానుకొన్నవాడు ఉంటే, వాడు పడిపోయే వరకు ఆగవద్దు. ఈ వారమే ఫోను చేయి.

ప్రార్థన: ప్రభువా, గుమ్మము దగ్గర నిలిచిన మమ్మును ప్రక్కకు జరుపుము. మా చేతులకు గడను, మా నోటికి క్షమాపణను దయచేయుము. దూరదేశములలో పడియున్న నీ బిడ్డలను మోసేవారిని లేపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.