గుడి లేని తోరణాలు

నగరపు ఆత్మ దాని కట్టడాల్లో ఉంటుందా, లేక అవి కూలాక కూడా జనం మనసులో నిలిచే రూపంలో ఉంటుందా అన్న ప్రశ్నకు, హైదరాబాదు నీడలో తరచూ మరుగున పడే వరంగల్ కంటే తగిన ఉదాహరణ తెలుగునేలపై అరుదు. ‘ఓరుగల్లు’ అంటే ఒకే రాయి. దానికి సంస్కృతరూపమే ‘ఏకశిలానగరం’. కాకతీయులు అక్కడ కోట కట్టి, దాని నడుమ స్వయంభూ శివాలయాన్ని, అంటే మానవ ప్రతిష్ఠ లేకుండా తానుగా వెలసినట్టు నమ్మే దేవుని గుడిని, నిలిపారు. 1323లో కోట ఢిల్లీ సేనల వశమైన తర్వాత ఆ గుడి నేలమట్టమైంది కాని, దానికి నలుదిక్కులా వాకిళ్లుగా నిలిపిన శిలాతోరణాలు మాత్రం మిగిలాయి.

గుడి పోయినా తోరణం నిలవడాన్ని అర్థం చేసుకోవడానికి ఒక పాత వాదం తోడ్పడుతుంది. పదానికి అర్థం విడివస్తువు కాదనీ, ‘ఆకృతి’, అనగా ఆ జాతి వస్తువులన్నింటిలోనూ ఉండే సామాన్యరూపమనీ వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు చెబుతారు. ఆ వాదాన్ని కాస్త చొరవతో నగరాలకు వర్తింపజేస్తే (మీమాంసాసూత్రాల భాష్యకారుడు శబరస్వామి ఒప్పుకుంటాడా అన్నది వేరే మాట), లోపల దైవం లేకున్నా ద్వారం పవిత్రంగా తోచడంలో వింత లేదు. పక్కనే ఉన్న హనుమకొండలో 1163లో కాకతీయ రుద్రదేవుడు శివ, విష్ణు, సూర్యులకు కలిపి కట్టించిన వేయిస్తంభాల గుడి ఇంకా నిలిచే ఉన్నా, ఊరు తన గుర్తుగా చూపేది ఏ మూర్తీ లేని ఆ ఖాళీ ద్వారాన్నే. 2014లో తెలంగాణ రాష్ట్రం తన రాజముద్రలో చార్మినారుతో పాటు ఆ తోరణాన్నీ చేర్చుకుంది.