పడిగె చెప్పిన సాక్ష్యం

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, భద్రాచలం అడవుల్లో ఒక కోయగూడెం చింతచెట్టుకు ప్రకటన అంటించారు. గడువులోగా ఎవరి హక్కు వాళ్లు చెప్పుకోవాలి, లేకుంటే పోయినట్టే. ప్రకటన తెలుగులో ఉంది. గూడెం మాట కోయ, చదువు ఒక్కరికీ రాదు. గడువు దాటాక కొలత గొలుసుతో అధికారి వచ్చాడు.

"ఈ పోడు మీదేనని కాగితం ఉందా?"

"కాగితం లేదు దొరా, పడిగె ఉంది" అని, గూడెం కథలు పాడే డోలి తాత మూట విప్పాడు.

మూడు మూలల గుడ్డ. దాని మీద వాగు దాటి వస్తున్న మూలపురుషుడు, ఎదురొచ్చిన పులి, ఇప్పచెట్టు కింద వేల్పు, పక్కనే పోయిన పెద్దల పేర నిలబెట్టిన రాళ్లు. ఒక్కో బొమ్మనూ వేలితో చూపుతూ, ఏ గట్టు (వంశం) వాళ్లు ఏ వాగొడ్డున దిగారో తాత పొద్దు వాలేదాకా పాడాడు. అధికారి సగంలోనే లేచి, "బొమ్మలు సాక్ష్యం కావు" అన్నాడు. ఆ ఏడే పోడు పోయింది. గూడెం వాగు అవతలికి జరిగింది.

పడిగె పాతబడి కొత్తది చేయాల్సి వచ్చినప్పుడు తాత పాత బొమ్మలన్నీ వేసి, చివర ఒకటి చేర్చాడు: టోపీ పెట్టుకుని గొలుసు పట్టుకున్న మనిషి. ఎవరు తాతా అని జాతరలో పిల్లలు అడిగితే, "మన చెట్లను లెక్కపెట్టినోడు, మనల్ని లెక్కపెట్టనోడు" అనేవాడు.

తరాలు గడిచాక ఇంకో అధికారి అదే ప్రశ్న అడిగాడు. ఆ వంశపు డోలి పడిగె పరిచి, బొమ్మల వెంటే ఆయన్ని వాగు దాటించాడు. పొదలు నరికితే ఇప్పచెట్టు మొదట్లో రాళ్లు కనబడ్డాయి, పడిగెలో ఎన్నో అన్నే. ఈ అధికారి కూర్చుని కథంతా రాసుకున్నాడు.

నీతి: రాత చేతిలో లేని జనానికి బొమ్మే దస్తావేజు. దాన్ని చూడనన్నవాడు తీర్పు చెప్పడానికి తగడు.

కథలో జరిగినట్టే నిజంలోనూ జరిగింది. 1963లో ఆస్ట్రేలియాలోని యిర్కలలో యోల్ంగు ఆదివాసులు బాక్సైట్ గనులను ఎదిరిస్తూ, చెట్టు బెరడు మీద తమ నేల బొమ్మలు వేసి, నడుమ విన్నపం అంటించి పార్లమెంటుకు పంపారు. 1971లో కోర్టు వాళ్ల హక్కును ఒప్పుకోలేదు. ఆ బెరడులు మాత్రం నేటికీ పార్లమెంటు భవనంలోనే ఉన్నాయి. మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం కింద పెద్దల మాట, శ్మశానం, వేల్పుల చోటు కూడా సాక్ష్యాలే. మణుగూరు దగ్గరి కూనవరం కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిన ప్రభుత్వం, పోడు దరఖాస్తు చూసేటప్పుడు పడిగెనూ పరిపించి చూడాలి, డోలి చెప్పేది రాసుకోవాలి.