టోపీ ఒక్కటే

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మాయి 'మైదాన్' సినిమా పెట్టింది. 2024లో వచ్చిన హిందీ సినిమా. మన హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసి, ఆ తర్వాత భారత జట్టుకు ఫుట్‌బాల్ నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ. చూస్తూ చూస్తూ నేను కొంగుతో కళ్లొత్తుకుంటే అది ఒకటే నవ్వు. "అమ్మా, అసలు నీకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుసా?"

తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ ఆట మూలంగా మా అమ్మమ్మకూ ఆవిడ తమ్ముడికీ జరిగిన తగువు. డెబ్బై ఏళ్లు దాటినా దానికి తీర్పు రాలేదు.

ముందు ఆట సంగతి చెప్పాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకున్నది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లోనే ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా వాళ్ల సొత్తనుకునే రోజులవి! జట్టుకు గురువు రహీం గారు. ఆయన ఒక చిత్రమైన పోటీ పెట్టేవారట. బంతిని ఎవరూ కాళ్ల దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయకూడదు, అందగానే పక్కవాడికి అందించేయాలి. (ఉమ్మడి కుటుంబంలో పెత్తనం చేసే వాళ్లందరికీ ఇలాంటి పోటీ ఒకటి పెడితే బాగుండునని నాకనిపిస్తుంది.) ఆ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్లు ఒలింపిక్స్ దాకా వెళ్లారు. 1956లో మెల్‌బోర్న్‌లో రహీం గారి భారత జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. అంతకు ముందటేడే జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిపెట్టి మరీ పోయారు.

ఇక తగువు. మా అమ్మమ్మది నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట వైపు ఊరు. 1950 నాటికి ఆవిడకు ఇరవై ఏళ్లు, చంకలో పసివాడు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. సైన్యాన్ని పంపి కలిపిన ఆ పనికి కూడా 'పోలీసు చర్య' అనే పేరు పెట్టారు, చూడండి! అప్పటితో సాయుధ పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో విరమించేదాకా జిల్లాలో క్యాంపులు, సోదాలు, రాత్రి పూట తలుపు చప్పుడు. "పోలీసోళ్లొస్తున్నరు" అని కేక వినపడితే చాలు, అమ్మమ్మ పొయ్యి మీద గంజి అట్లాగే వదిలేసి పిల్లాణ్ని ఎత్తుకుని జొన్నచేలోకి పరుగెత్తేదట. వాడు ఏడవకుండా నోటికి కొంగు అడ్డం పెట్టేది. "గట్టిగ పెట్టిననేమో, ఊపిరాడుతున్నదో లేదో" అని చీకట్లో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదట. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆ వేలు అలాగే పెట్టి చూపించేది.

తమ్ముడు మాత్రం పట్నంలో చదువుకుంటున్నాడు. సెలవులకొచ్చి, ఆ పోలీసు జట్టు గెలిచిన కప్పుల సంగతి ఉషారుగా చెప్పబోయాడు.

"ఊర్ల మనుషులకు కంటి మీద కునుకు లేదు. నువ్వు పోలీసోళ్ల చెండాట చూసి మురిసొస్తివా?"

"అక్కా, వాళ్లు వేరే, వీళ్లు వేరే."

"నాకు టోపీ ఒక్కటే కనవడ్తది."

చిన్నప్పుడు నేను పూర్తిగా అమ్మమ్మ పక్షం. అక్క చేనులో దాక్కుంటే తమ్ముడు చప్పట్లు కొట్టడమేమిటి? మనవాళ్లు బాధలో ఉన్నప్పుడు మనం సంతోషపడడం తప్పని, కనీసం అది పైకి చూపకపోవడం మర్యాదని మనందరికీ నేర్పారు కదా. చావు జరిగిన ఇంటి పక్క ఇంట్లో రేడియో కూడా పెట్టం.

పెద్దయ్యాక తాత చెప్పిన ఇంకో ముక్క మెల్లగా తలకెక్కింది. మైదానంలో ఆయన చుట్టూ నిలబడి అరిచిన వాళ్లలో 1948 తర్వాత కొలువులు పోయినవాళ్లున్నారు. రేపేమవుతుందో తెలియక ఇళ్లలో లోగొంతుకలతో మాట్లాడుకునే ముస్లిం కుటుంబాలవాళ్లున్నారు. తాతకు ఆటలో మెలకువలు చెప్పిన స్నేహితుడి నాన్నకూ ఉద్యోగం పోయింది. ఆ ఊరి జట్టు, ఎక్కువమంది వాళ్ల పిల్లలే ఉన్న జట్టు, బొంబాయి వెళ్లి కప్పు తెస్తే ఆ కాసేపు తలెత్తుకున్నారు. అక్కడా టోపీయే, ఇక్కడా టోపీయే. ఒకచోట కడుపు కూడు, ఇంకోచోట గుండె దడ. పట్నం భయం మా అమ్మమ్మకు తెలియదు, జొన్నచేను భయం ఆ పట్నం వాళ్లకు తెలియదు. రెండూ తెలిసినవాడు పదిహేడేళ్ల కుర్రాడొక్కడు. వాణ్నేమో ఇద్దరూ పరాయివాణ్ని చేశారు.

అలాగని అమ్మమ్మది తప్పనగలనా? ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్న మనిషితో, "నువ్వు న్యాయంగా ఆలోచించు" అని అనగలిగే నోరు నాకు లేదు. మీకుందా?

తాత తన చివరి రోజుల్లో ఒక సంగతి చెప్పేవాడు. ఆ రోజు అన్ని తిట్లూ తిట్టి, పట్నం బయల్దేరుతుంటే జొన్నరొట్టెలు మూటగట్టి చేతికిస్తూ, గొంతు తగ్గించి అక్క అడిగిందట: "ఇంతకూ గెలిచిన్రా?"

అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "నేనడగలే. వాడే చెప్పిండు" అనేది.