చెరువుకు వచ్చే పక్షి అతిథియా, హక్కుదారా?

చలికాలములో మన చెరువులకు వచ్చే పక్షులను “అతిథులు” అని పిలవడము అందరికీ అలవాటైపోయింది. మాట మంచిదే. అతిథిని గౌరవించమని మన పెద్దలు మనకు నేర్పారు. అయితే ఆ మాట చాటుగా ఇంకొక పని కూడ చేస్తుంది. ఇల్లు మనది, వచ్చినవాడు పరాయివాడు, మనము పెడితే తినవలెను, పొమ్మంటే పోవలెను అని ముందుగానే తీర్పు చెప్పేస్తుంది. నెల్లూరు, గూడూరు, ఒంగోలు ప్రాంతములనుండి వచ్చి రెండు మూడు తరములుగా మనలిలో కాపురమున్న మనకు ఆ తీర్పు బరువెంతో తెలుసు. కనుక ఈ సంగతి నిదానముగా ఆలోచింపదగినదని మేము తలంచుచున్నాము.

మొదట ఎవరు ఎక్కడివారో సరిగా తెలిసికొనవలెను. మనలి, మాధవరం, రెట్టేరి, పుళల్, కడప్పాక్కం చెరువుల గట్ల మీద నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఉదయము పూట ఒక గంట నిలబడితే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, బొల్లికోళ్ళు, అదృష్టముంటే సూదితోక బాతులు, బురదలో తోక ఆడించుకుంటూ తిరిగే ఉల్లంకి పిట్టలు కనబడతాయి. చూచినవారు వీటినన్నిటినీ కలిపి “సైబీరియా పక్షులు” అంటారు. అది సగమే నిజము. ముక్కు క్రింద సంచి వ్రేలాడే గూడబాతు మన ఉపఖండపు పక్షియే. ఎర్రకాళ్ళ కొంగ కూడ అంతే. దొరవారి సత్రము దగ్గరి నేలపట్టు 1976నుండి పక్షుల సంరక్షణ కేంద్రముగా ఉన్నది. అక్కడ నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఈ రెండు జాతులూ వచ్చి ఊరి చెట్ల మీదనే కాపురము పెడతాయి. అవి రావడము ఊరికి శుభమని గ్రామస్థులు వాటిని కాపాడుకుంటారు. అయితే అక్కడ కూడ అవి సైబీరియానుండి వస్తాయనే చెప్పుకుంటారు! తమ కళ్ళ యెదుట, తమ ఊరి చెట్ల మీద పుట్టినవాటినే పరదేశులనుకుంటున్నారు. మన పిల్లలు మనలిలోనే పుట్టి, తమిళము తడుముకోకుండ మాట్లాడుతున్నా, “మీది ఏ ఊరు?” అనే ప్రశ్న వారిని వదిలిందా?

ఇక నిజముగా దూరమునుండి వచ్చేవాటి సంగతి. ఉల్లంకి పిట్టలలో కొన్ని జాతులు ఉత్తర రష్యా చిత్తడి నేలలలో గ్రుడ్లు పెడతాయి. ఆగస్టు నెలాఖరుకే కొన్ని మన వైపు దిగుతాయి, ఏప్రిల్ వరకు ఉంటాయి. పుట్టిన దేశములో అవి గడిపేది రెండు మూడు నెలలే. మన బురదలో గడిపేది ఏడెనిమిది నెలలు. మిగిలినది ప్రయాణము. మరి దాని సొంత ఊరు ఏది? పుట్టినచోటా, తిండి దొరికినచోటా? పక్షిని అడిగితే రెండూ అంటుందేమో, మధ్యలో ఆగిన చెరువులను కూడ కలుపుతుందేమో. వాటిలో ఏ ఒక్కటి ఎండినా ఆ పక్షికి బ్రదుకు లేదు. చెరువు మీద దానికి గల హక్కు పుట్టుకవలన రాలేదు, పట్టావలన రాలేదు. అది లేనిదే బ్రదకలేదు గనుక వచ్చింది. మా వాదన అంతా ఈ ఒక్క మాట మీదనే నిలబడి ఉన్నది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉన్నది. మనుష్యునికి ఇల్లు కావలెను, పని కావలెను. 1969నుండి ఇక్కడ నూనె శుద్ధి కర్మాగారము, 1971నుండి ఎరువుల కర్మాగారము నడుస్తూ వచ్చినవి. అవి లేకుంటే మనలో అనేకులము ఇక్కడికి వచ్చేవారమే కాము. ఆ జీతములతో పిల్లలను చదివించి, ఇప్పుడు పక్షుల పక్షము మాట్లాడటము సుళువని ఎవరైనా అంటే ఆ మాటను త్రోసివేయలేము. కొల్లేటి సంగతి చూడండి. 1999లో దానిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించారు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. పెద్ద పెట్టుబడిదారులతోపాటు, సంఘముగా చేరి చెరువు వేసికొన్న బీదవారు కూడ నష్టపోయారు. సరస్సు మొత్తము గట్లతో నిండనివ్వడము తప్పే. కాని ఇతర ఆధారము లేనివానిని లేపేటప్పుడు వేరొక ఆధారము చూపకపోవడము కూడ తప్పే. పక్షికి బ్రదుకు తెరువు హక్కు అని మనమంటే, అదే కారణముచేత ఆ బీదవానికి కూడ హక్కు ఉన్నది. ఒకరి అవసరానికి ఇంకొకరి అవసరము అడ్డు వచ్చినప్పుడు త్రాసు పట్టుకొని ఆలోచించవలసిందే. అయితే పక్షి అవసరానికి మన సౌకర్యము, మన లాభము అడ్డు వస్తే? అక్కడ త్రాసు అక్కరలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని దాని భావము. ఆహారముగా వాడుకొనడాన్ని ఆజ్ఞ కాదనలేదు. వంశము తెగిపోయేటట్టు వాడుకొనవద్దన్నది. చెరువులో చేపలు పట్టడము, నీరు తోడుకొనడము, గట్టున పశువులను మేపడము ఒక వైపు. చెత్త పోసి పూడ్చి ప్లాట్లు వేయడము ఇంకొక వైపు. ఈ రెండిటికీ నడుమ గీత ఎక్కడ గీయవలెనో ఆ ఆజ్ఞ చదివినవానికి తెలియకపోదు.

పక్షివలన మనకు లాభమున్నది గనుక కాపాడవలెనని చెప్పేవారున్నారు. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్ రైతులు దీనికి మంచి ఉదాహరణ. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువని వారికి తరతరాలుగా తెలుసు. తెల్ల సిపాయిలు పక్షులను కాల్చుతుంటే 1790లలో కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరకు వెళ్ళి వ్రాతపూర్వకమైన హామీ తెచ్చుకున్నారు. 1858లో దానిని తిరిగి పొందారు. వారి తెలివికి మేము నమస్కరిస్తాము. కాని లాభమే ఆధారమైతే, యూరియా మూట అంగడిలో దొరికిన రోజున ఆ ఆధారము కదులుతుంది. ఆ మూట తయారయ్యేది మన మనలిలోనే గదా! రెట్ట అక్కరలేని రైతుకు కొంగ అక్కరలేదా? యిర్మీయా ప్రవక్త తన కాలము తాను ఎరిగిన పక్షిగా సంకుబుడి కొంగను చూపించాడు. లేవీయకాండము 11వ అధ్యాయములో తినకూడని పక్షుల జాబితాలో కూడ ఆ కొంగ ఉన్నది. దానిని తినడానికి వీలులేదు, అయినా చూచి నేర్చుకొనడానికి అది తగినదే. మన ఎర్రకాళ్ళ కొంగ దానికి దాయాదియే.

పక్షి లాభము వేరు, మనుష్యుని లాభము వేరు అనుకోవడము కూడ అన్నివేళలా సరికాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటడానికి ముందు ఇక్కడ కురిసిన వానలకు, మనలి ప్రాంతమునుండి నూనె వరదతో కలిసి బకింగ్‌హాం కాలువ, కొసస్తలై నది గుండా ఎన్నూరు మొగ వరకు పారింది. నూనె అంటిన గూడబాతులు కనబడ్డాయి. నూనె పట్టిన ఈకలు నీటిని ఆపలేవు. పక్షి ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ ఆ నూనెనే మ్రింగుతుంది. అటవీ శాఖవారు వాటిని పట్టి శుభ్రము చేయాలని ప్రయత్నించారు, కాని ఎగరగల పక్షిని పట్టడము సులభమా? అదే నూనె బెస్తవారి పడవలకు, వలలకు పట్టింది. వారు బక్కెట్లతో, చేతులతో దానిని తోడిపోశారు. పక్షి, బెస్తవాడు ఆ నెలలో ఒకే నష్టము అనుభవించారు.

చూడబోయేవారికి కొన్ని మాటలు. రంగురంగుల బట్టలతో, బిగ్గరగా మాట్లాడుతూ దగ్గరకు పోకూడదు. మంచి ఫోటో కోసము గుంపును లేపడము ఇప్పుడు ఎక్కువైంది. పక్షి లేచిన ప్రతిసారీ, తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. మన వినోదానికి దాని దారి బత్తెము వాడుకొనే హక్కు మనకు లేదు. బైనాక్యులరు ఉంటే మంచిదే, లేకున్నా గూడబాతును గట్టునుండే గుర్తుపట్టవచ్చును.

1987నుండి ఆసియా దేశములలో ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతున్నది. తమిళనాడులో 2015నుండి పొంగల్ రోజులలో కూడ పక్షులను లెక్కిస్తున్నారు. ఏ చెరువు, ఏ తేదీ, ఏ పక్షి, ఎన్ని అని వ్రాయగలవారు ఎవరైనా చేరవచ్చును; పదేండ్ల పిల్లలు కూడ చక్కగా చేస్తారు. పండుగకు నెల్లూరు వైపు వెళ్ళేవారు పాసింజరు బండిలో దొరవారి సత్రములో దిగితే నేలపట్టు దగ్గరే. జనవరిలో గూళ్ళలో పిల్లలుంటాయి. ఉదయమే వెళ్ళండి, ఎండ ఎక్కితే పెద్ద పక్షులు మేతకు పులికాటు వైపు వెళ్ళిపోతాయి.